వేంకటేశ్వరుడు: కొండ పేరా, దేవుడి పేరా?

ఆస్ట్రేలియాలో మన తెలుగువాళ్ళు పనిచేసే ఐటీ ఆఫీసుల్లో "వెంకట"లకు కొదవ లేదు. పాస్‌పోర్టులో వెంకట ముందు పడుతుంది, ఇంట్లో పిలిచే పేరు వెనక్కి పోతుంది. మెడికేర్ కార్డు మీద తండ్రీ వెంకటే, కొడుకూ వెంకటే! ఈ గొడవ పడలేక ఇక్కడ పుట్టిన పిల్లలకు ఆ పేరు వద్దనుకునేవాళ్ళున్నారు. వద్దనుకునే ముందు అదేం పేరో చూద్దాం.

పెద్దలు చెప్పే అర్థం మీకు తెలిసిందే. "వేం" అంటే పాపాలు, "కట" అంటే కాల్చేది. పాపాలను కాల్చే కొండ వేంకటం, దాని ఈశ్వరుడు వేంకటేశ్వరుడు. భక్తికి చక్కగా సరిపోతుంది గానీ, ఈ అర్థం పేరు స్థిరపడ్డాక అల్లినదేమో అని నాకనిపిస్తుంది. ఎందుకంటే పాత తమిళంలో ఆ కొండ పేరు వేంగడం. తొల్కాప్పియం ముందుమాట తమిళదేశానికి ఉత్తరపు హద్దు వేంగడమనే చెబుతుంది. అక్కడ దేవుడి ప్రస్తావన లేదు, కొండే ఉంది. క్రీ.శ. 966లో పల్లవ వంశపు సామవై తిరుమలలో వెండి విగ్రహం సమర్పించి వేయించిన శాసనంలోనూ స్వామిని పిలిచింది తిరువేంగడంలోని పెరుమాళ్ళుగానే. అంటే కొండ పేరే స్వామికి వచ్చింది.

అన్నట్టు, "వే"కు దీర్ఘం ఉండాలి. సంస్కృతంలో హ్రస్వ ఎకారమే లేదు, తమిళంలోనూ ఈ మాటకు దీర్ఘమే. వాడుకలో మనమే వెంకటేశ్వరుడు, వెంకన్న అని కుదించాం. తప్పేం లేదు, ముద్దుపేరు కదా. బాలాజీ అన్నది ఉత్తరాది భక్తుల పిలుపు.

సిడ్నీకి దక్షిణాన, బొగ్గుగని ఊరు హెలెన్స్‌బర్గ్‌లో 1985లో శ్రీ వేంకటేశ్వరాలయం వెలిసింది. "ఏడుకొండలవాడంటారు, ఇక్కడ ఏడు కొండలేవి నాన్నా?" అని పిల్లలు అడిగితే చెప్పండి, ఆయన పేరులోనే కొండ ఉంది, ఎక్కడికెళ్ళినా వెంట వస్తుందని.

పిల్లలకు ఆ పేరు పెట్టాలనుకుంటే బర్త్ రిజిస్ట్రేషన్ ఫారంలో పిలిచే పేరు ముందు రాసి, వేంకటను రెండో పేరుగా రాయండి. ఆఫీసులో తిప్పలుండవు, ఇంట్లో పేరూ పోదు.

ఇప్పుడు అన్నమయ్య కీర్తన వినండి. చివరి చరణంలో ముద్ర దగ్గర మీ పిల్లల్ని చెవి ఒగ్గమనండి, కొండ పేరు ఎక్కడొస్తుందో వాళ్ళే పట్టుకుంటారు.