ఆగిన పిస్తోలు



గొర్రు తోలినవారెల్ల నెరుగుదురు: జడ్డిగమున విత్తు పడుచునే యుండును, ఎడ్లు నడచుచునే యుండును, గొట్టము పూడుకొన్నచో సాలు మాత్రము వట్టిపోవును. 22 కాలిబరు పిస్తోలునకును ఇట్టి రోగమే కలదు.

1887లో అమెరికాలో వెలసిన ఈ తూటా యడుగున పళ్లెమునకు వలె అంచుండును. నిప్పు రాజేయు మందు ఆ యంచులోనే యుండును. పెట్టెలో తూటాలను దొంతిగా నమర్చునప్పుడు పైదాని యంచు క్రిందిదాని యంచునకు ముందుండవలయును. వెనుకబడినచో ఒండొంటిని పట్టుకొని కదలవు. మెత్తని సీసపు గుండు సొట్టపడినను, మైనపు మడ్డి పేరుకొన్నను, మన తీరపు ఉప్పుగాలికి స్ప్రింగు త్రుప్పుపట్టినను ఫలమిదియే.

2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు బాలిక ఈషా సింగ్ రజతము గెలిచిన 25 మీటర్ల పందెమున, రెండవ భాగమందు గుండుకు 3 సెకండ్లే గడువు. అంత తొందరలోను, పిస్తోలు మొరాయించినచో దానిని గురివైపే నిలిపి, రెండవ చేయి యెత్తి అధికారిని పిలువవలయునని నియమము. తానే విప్పినచో మన్నన లేదు.

ఒకనాడు నా మనుమడు అభ్యాసమున ఆగిన పిస్తోలును నావైపు త్రిప్పి, "చూడు తాతయ్యా, కదలదు" అనెను. నాకు ముచ్చెమటలు పోసినవి. ప్రేలనిది వట్టిదని యెన్నడును ఎంచకుడు. ఆగిన గొర్రు సాలును చెరచును. త్రిప్పిన పిస్తోలు ఇంటినే చెరచును.