గోడ మీది పెట్టెకు మన లైఫ్ సర్టిఫికెట్

(ఐనవిల్లిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనం నలుగురం కలిస్తే డి.ఆర్. బకాయిలు, వైద్య బిల్లులు, మోకాళ్ల నొప్పులు, ఈ మూడింటితోనే పొద్దు గడిచిపోతుంది. ఈసారి కొంచెం వేరే విషయం మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. అబ్బాయో అమ్మాయో అమెరికాలోనో కెనడాలోనో ఉన్న కుటుంబాలు మన కోనసీమలో తక్కువేమీ కావు. అక్కడ ఆరేసి నెలలు ఉండి వచ్చినవారు ఈ సభలోనే చాలామంది కనిపిస్తున్నారు. అక్కడి ఇళ్లలో హాలు గోడకు అరచేయంత పెట్టె ఒకటి ఉంటుంది. ఇంట్లో వేడి ఎంత ఉండాలో, చల్లదనం ఎంత ఉండాలో నిర్ణయించేది అదే. దానిని స్మార్ట్ థర్మోస్టాట్ అంటారు. దానితో కాపురం చేయటం ఎలాగన్నదే నేటి నా ప్రసంగ విషయం.

ముందుగా దాని పుట్టుపూర్వోత్తరాలు రెండు ముక్కల్లో మనవి చేస్తాను. గదిలో వేడిని కరెంటుతో కనిపెట్టే థర్మోస్టాటుకు 1883లో పేటెంటు పొందిన వారెన్ జాన్సన్ ఎవరనుకున్నారు? మనలో సగంమంది వంటివాడే, బడిపంతులు! అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. అక్కడి చలికాలంలో ఏ తరగతి గది ఎంత చల్లబడిందో చూడటానికి బడి నౌకరు గది గదికీ తిరగవలసి వచ్చేది. ఆ తిరుగుడు తప్పించటానికే ఈ ఆలోచన. తరువాత 1953లో హనీవెల్ కంపెనీవారి గుండ్రటి థర్మోస్టాటు వచ్చి ఇంటింటా చేరింది. అది ఎంతకు తిప్పితే అంతే చేసేది, సొంత ఆలోచన లేదు. 2011లో నెస్ట్ అనే కంపెనీ తెచ్చిన పెట్టె అలా కాదు. మనం ఎప్పుడు లేస్తాం, ఎప్పుడు పడుకుంటాం, ఎప్పుడు బయటికి పోతాం అన్నది కొద్ది రోజులు గమనించి, ఆ ప్రకారం తనే నడుచుకుంటుంది. 2014లో గూగుల్ వారు ఆ కంపెనీని 320 కోట్ల డాలర్లకు కొన్నారు. మొదటి రెండు తరాల పెట్టెలకు 2025 అక్టోబరుతో కంపెనీ సేవలు నిలిపివేశారు. అవి గోడ మీద పని చేస్తాయి గాని ఫోను మాట వినవు. అంటే వాటికీ పదవీ విరమణ అయిందన్నమాట!

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ పెట్టె గొప్పతనమంతా డబ్బు ఆదా చేయటంలో ఉంది. ఇంట్లో మనుషులు లేనప్పుడు ఖాళీ గదులను వేడి చేయటం దండగ కదా. ఎవరూ లేరని తెలియగానే వేడి తగ్గించేస్తుంది. మరి లేరని దానికి ఎలా తెలుస్తుంది? రెండు దారులున్నాయి. ఒకటి, తన ముందు నుండి ఎవరైనా నడిస్తే ఆ కదలికను పసిగట్టటం. రెండవది, ఇంటివారి సెల్‌ఫోన్లు ఇంట్లో ఉన్నాయా, దూరం వెళ్లాయా అని చూసుకోవటం. ఇక్కడే మన పెద్దవాళ్లకు చిక్కు వచ్చి పడుతుంది.

మా తోడల్లుడుగారు, మా వదినగారు ఒక జనవరి నెలలో న్యూజెర్సీలో వాళ్లబ్బాయి ఇంట్లో ఉన్నారు. అబ్బాయి, కోడలు ఎనిమిదింటికల్లా ఆఫీసులకు, మనవరాలు బడికి వెళ్లిపోయేవారు. పెద్దవాళ్లిద్దరూ వెనక గదిలో కూర్చుని ఆయన పుస్తకమూ, ఆవిడ జపమాలా పట్టుకునేవారు. పెట్టె ముందు కదలిక లేదు. ఇంటివారి ఫోన్లు రెండూ ఊరు దాటాయి. వీళ్ల ఫోను దాని లెక్కలోనే లేదు. ఇంకేముంది, ఇల్లు ఖాళీ అని నిర్ధారించుకుని వేడి తగ్గించేసేది. పదకొండు గంటలయ్యేసరికి ఇల్లు చల్లబడిపోయేది. ఆయన లేచి ఏదో నొక్కబోతే వదినగారు, "ఊరుకోండి, పిల్లల ఇల్లు. మనం ముట్టుకుంటే ఏమవుతుందో. గ్యాసు బిల్లు వాళ్లకు ఎంత వస్తోందో" అని ఆపేవారట. రెండు స్వెట్టర్లు, పైన శాలువా కప్పుకుని అలాగే కూర్చునేవారు. సాయంత్రం పిల్లలు వచ్చే వేళకు పెట్టె మళ్లీ వేడి పెంచేది. అంచేత వాళ్లకు అనుమానమే రాలేదు.

నాలుగోరోజున కోడలు మధ్యాహ్నమే ఇంటికి వచ్చి, కాఫీ గ్లాసు అందిస్తూ ఆవిడ చేయి తగిలి ఉలిక్కిపడింది. "అత్తయ్యగారూ, చేతులిలా మంచుగడ్డల్లా ఉన్నాయేమిటండీ?" అంది. ఫోనులో చూస్తే రోజూ ఎనిమిది నుండి అయిదు వరకు "ఇంట్లో ఎవరూ లేరు" అని రాసి ఉంది. ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుందట.

మిత్రులారా, మనం బతికే ఉన్నామని ప్రభుత్వానికి ఏడాదికొకసారి లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఈ పెట్టెకు రోజూ ఇవ్వాలి! వినటానికి నవ్వు వస్తుంది గాని ఇది నవ్వే విషయం కాదు. వయసు పైబడిన కొద్దీ శరీరం వేడిని నిలుపుకునే శక్తి తగ్గుతుంది, చలి పట్టిన సంగతి మనకే ఆలస్యంగా తెలుస్తుంది. చలిదేశాలలో ఇంటి లోపల కనీసం 18 సెల్సియస్ డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, ముసలివారికి అంతకంటె ఎక్కువ కావలసి రావచ్చునని కూడా అన్నది. ఫారెన్‌హీటులో 60 నుండి 65 వరకు ఉండే ఇల్లు సైతం పెద్దవయసువారి ఒంటి వేడిని ప్రమాదకరంగా తగ్గించవచ్చునని, వారుండే ఇల్లు 68కి తగ్గకూడదని అమెరికాలోని వృద్ధాప్య పరిశోధన సంస్థవారు హెచ్చరిస్తున్నారు.

అందుచేత అక్కడికి వెళ్లేవారికి నాలుగు సూచనలు.

ఒకటి: వెళ్లిన మొదటి రోజునే మన ఫోనును కూడా ఇంటి మనుషుల లెక్కలో చేర్చమని అబ్బాయిని అడగండి. లేదా మనం ఉన్నన్నాళ్లు "ఇంట్లో ఎవరూ లేరు" అనే ఏర్పాటును పూర్తిగా తీసివేయమనండి. కొన్ని రకాలకు వేరే గదిలో పెట్టుకునే చిన్న పరికరాలు కూడా దొరుకుతాయి. మనం కూర్చునే గదిలో ఒకటి పెడితే అక్కడి వేడిని బట్టి ఇల్లు నడుస్తుంది.

రెండు: లెక్క నేర్చుకోండి. అక్కడ అంకెలు ఫారెన్‌హీటులో ఉంటాయి. అందులోంచి 32 తీసివేసి, 5తో హెచ్చించి, 9తో భాగిస్తే మన డిగ్రీలు వస్తాయి. అంత ఓపిక లేకపోతే 30 తీసేసి సగం చేయండి, ఉజ్జాయింపుగా సరిపోతుంది. 72 అంటే మనకు సుమారు 22.

మూడు: చలి వేస్తోందని ఒక్కసారిగా 85కి పెంచకండి. మామూలు గ్యాసు కొలిమి ఎంతకు తిప్పినా ఒకే వేగంతో వేడి ఇస్తుంది. తొందరగా వెచ్చబడదు, ఆపటం మరచిపోతే ఉక్కపోత మిగులుతుంది. రెండు డిగ్రీలు పెంచి అరగంట ఆగండి. "హోల్డ్" అనే మీట నొక్కితే ఆ అంకె మీద నిలుస్తుంది.

నాలుగు: ఇది అన్నిటికంటె ముఖ్యం. నోరు విప్పి చెప్పండి. చలికి ఓర్చుకుని పిల్లలకు మిగిల్చే డాలర్ల కంటె, న్యుమోనియా వస్తే అక్కడి ఆసుపత్రి ఖర్చు ఎన్నో రెట్లు. మనం అతిథులం కాము, ఆ ఇంటి మనుషులం.

ఇక మన ఊరి సంగతి. పూర్వం మన మండువా లోగిళ్లకు ఏ పెట్టె అవసరమూ లేకపోయింది. మందపాటి గోడలు, పెంకు కప్పు, నడిమండువాలోంచి పైకి పోయే వేడి గాలి, చుట్టూ కొబ్బరి తోటల నీడ, అదే మన థర్మోస్టాటు. ఇప్పుడు అందరమూ శ్లాబు ఇళ్లలోకి వచ్చాము. పగలంతా తాగిన ఎండను శ్లాబు రాత్రంతా కక్కుతుంది. పైగా మనది గోదావరి పాయల నడుమ సముద్రం దాపున ఉన్న నేల. గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

పిల్లలు ఏ.సి. పెట్టించి వెళతారు. మనం కరెంటు బిల్లుకు జడిసి దానిని చుట్టాల కోసం దాచుకుంటాము. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. చలి ఎంత చేటో మన వయసులో ఎండా అంతే చేటు. 16లో పెట్టి దుప్పటి కప్పుకోవద్దు, అసలు ఆపేసి ఉడికిపోవద్దు. ఒక్కొక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ వారి లెక్క. 2020 జనవరి నుండి స్టార్ గుర్తు ఏ.సి.లు మొదట 24 మీదనే ఉండేటట్లు నిబంధన పెట్టారు. 26లో పెట్టి ఫ్యాను వేసుకుంటే మనకు హాయి, మీటరుకూ హాయి. మేడ మీద కొబ్బరాకు పందిరి వేయిస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు వైఫై ఏ.సి.లు కూడా వచ్చాయి. అబ్బాయి అక్కడ కూర్చుని ఇక్కడి గది వేడి చూసి ఏ.సి. వేయగలడు. మనకు ఎండాకాలం పన్నెండున్నర అయితే న్యూజెర్సీలో తెల్లవారుజామున మూడు. నిద్రలో లేచి మన గది ఎంత వేడెక్కిందో చూసుకునే కొడుకు ఉండటం అదృష్టమే. కాని మన ప్రమేయం లేకుండా ఇల్లు దానంతట అది నడుస్తుంటే పెద్దవాళ్లకు మనసు చివుక్కుమంటుంది. దానికి ఒక ఒప్పందం చేసుకోవచ్చు. "నాయనా, చూడటం వరకు నీ ఇష్టం. మార్చాలంటే ముందు ఫోను చేసి అడుగు." ఆ మిషతో రోజుకొకసారి మాటా కలుస్తుంది. ఒక్క హెచ్చరిక. కరెంటు పోతే ఈ తెలివితేటలన్నీ పోతాయి. 1996 నవంబరు 6 తుఫాను తరువాత రోజులు ఎలా గడిచాయో మీకు చెప్పనక్కరలేదు. తాటాకు విసనకర్రను మాత్రం అటక ఎక్కించకండి.

యంత్రం కదలికనూ ఫోనునూ లెక్కపెడుతుంది గాని, మౌనంగా కూర్చున్న మనిషిని లెక్కపెట్టలేదు. ఆ పని పిల్లలు చేయాలి, అందుకు మనం నోరు తెరిచి సాయపడాలి. ఈ ప్రసంగం సంచికలో అచ్చయినప్పుడు మీ పిల్లలకు ఫోనులో చదివి వినిపించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.