చెరువులో మొప్పవల: కన్ను కొలత, పట్టిన చేపకు లెక్క



వరి గురించి, కూరగాయల గురించి చెప్పువాడు ఈనాడు వల పట్టుకొని వచ్చినాడేమని మీలో కొందరు నవ్వుకొనుచుండవచ్చును. నా చదువు పైరుల చదువే. అయినను శామీర్‌పేట, మేడ్చల్ ప్రాంతములో చెరువు కింద భూమి ఉన్న ఇంటికి ప్రక్క ఇంటిలోనే ఆ చెరువులో వల వేయువారు ఉందురు. కొన్నిచోట్ల ఇద్దరూ ఒక్కరే. తూము తెరచువానికిని, వల వేయువానికిని నీరు ఒక్కటే. కనుక మొప్పవల గురించి, దాని నియమముల గురించి, పట్టిన చేపకు వ్రాయవలసిన లెక్క గురించి చెప్పెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట మేడ్చల్ వైపు ఒక గ్రామమునకు నారుమళ్లు చూచుటకు పోయితిని. తెల్లవారుసరికి చెరువు కట్ట మీద జనము గుమిగూడి ఉన్నారు. ఒడ్డు వెంట చేపలు పొట్టలు పైకి తిప్పి తేలుచున్నవి. మురుగు వలననో, మబ్బు పట్టిన రోజులలో తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు తగ్గుట వలననో, పరీక్ష చేసినగాని కారణము తేలదు. మధ్యాహ్నమునకు విచారణకు వచ్చినవారు మొదట అడిగిన మాట ఇది: "చెరువులో ఎంత చేప ఉండెను?" సంఘము పెద్ద పిల్లలను వదిలిననాటి కాగితము చూపెను. "ఇది వానకాలపు మాట. తరువాత ఎంత పట్టినారు? ఎంత మిగిలినది?" అని అడిగిరి. ఒకరు పది క్వింటాళ్లు మిగిలినదనిరి, మరొకరు ముప్పది అనిరి. ఎవరి నోటిలెక్క వారిది. ఆ సాయంకాలము వ్రాసిన నివేదికలో నష్టము అన్న గడి ఖాళీగానే మిగిలినది. ఆ ఖాళీ గడిని నేను మరువలేదు.

ఇక వల సంగతి. మొప్పవల నీటిలో గోడ వలె నిలుచును. పైతాడుకు బెండ్లు, క్రింది తాడుకు బరువులు. చేప దానిని చూడక తల దూర్చును, ఒడలు పట్టక ఆగును, వెనుకకు రాబోయి మొప్పల వద్ద దారము చిక్కుకొనును. అంటే ఈ వల చేపను వెంబడించునది కాదు, జల్లెడ వలె ఏరునది. మూడంగుళముల కన్ను అనగా, కంటిని లాగి పట్టి ముడి నుండి ముడికి కొలిచిన మూడంగుళములు. దాని చుట్టుకొలత ఆరు అంగుళములు. ఒడలి చుట్టుకొలత ఆరు అంగుళములకు కొంచెము పైగా ఉన్న చేప అందులో చిక్కును. అంతకు చిన్నది దాటిపోవును. మరీ పెద్దది తల కూడ దూరక మరలిపోవును.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. బొచ్చెకు తల పెద్దది, ఒడలు వెడల్పు. మ్రిగాల సన్నము. కావున ఒకే కన్ను మ్రిగాలను తగిన ఈడున పట్టినను బొచ్చెను లేతగానే పట్టును. మంచి మేత ఉన్న చెరువులో బొచ్చె ఏడాదికి కిలో దాటగలదు. పావుకిలో బొచ్చెలను చిన్న కంటితో లాగి అమ్ముట, పాలకంకి మీద వరి కోయుట వంటిది. మీరు ఆ పని పొలములో ఎన్నడును చేయరు.

కన్ను కొలుచుటకు ఒక కన్ను చాలదు. వలను తడిపి, పది కండ్లను వరుసగా లాగి పట్టి, మొత్తమును కొలిచి పదితో భాగించవలెను. దుకాణములో చెప్పిన కొలతకును, ఈ కొలతకును తేడా వచ్చినచో మీ కొలతనే నమ్ముడు. కొందరు ముడి నుండి ప్రక్క ముడికి మాత్రమే కొలిచి చెప్పుదురు. అది లాగిన కొలతలో సగమే. కొనునపుడు ఏ కొలతయో అడుగవలెను.

చట్టము మాటకు వచ్చెదము. 1897లో వచ్చిన భారత మత్స్య చట్టము మందుగుండుతోను, విషముతోను చేపలు పట్టుటను నేరముగా చేసినది. వల రకమును, కంటి కొలతను, పట్టుట నిలిపివేయు కాలమును నిర్ణయించు అధికారమును ప్రభుత్వములకు ఇచ్చినది. అయితే 1956కు ముందు హైదరాబాదు రాష్ట్రముగా ఉండిన మన భాగమునకు ఆ చట్టము వర్తింపలేదు. ఇక్కడ ఫసలీ కాలమునాటి మత్స్య చట్టము వేరుగా ఉన్నది. కనుక గోదావరి జిల్లాలోని చుట్టము చెప్పిన నియమమును, పెద్ద జలాశయమునకు పెట్టిన కొలతను మన చెరువుకు అంటగట్టరాదు. మీ చెరువుకు వర్తించు కంటి కొలతను, నిలుపుదల రోజులను జిల్లా మత్స్య శాఖ కార్యాలయములో అడిగి, కాగితము మీద తెచ్చుకొని, సంఘము గదిలో గోడకు అంటించుడు. నోటిమాటగా తెచ్చిన నియమము కట్ట దాటులోపలనే మారిపోవును.

నిలుపుదల ఎందుకు? బొచ్చె, రవ్వ, మ్రిగాల నిలువనీటి చెరువులో సాధారణముగా పిల్లలను పెట్టవు. వాటికి పారు నది, వరద కావలెను. అందుకే మనము పిల్లలను తెచ్చి వదులుచున్నాము. ప్రభుత్వము 2016 నుండి ఉచితముగా చేపపిల్లలు పంచు పథకమును చేపట్టినది. ఎండాకాలము ఎండిపోవు చెరువులకు 35 నుండి 40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడుగునా నీరుండు వాటికి 80 నుండి 100 మిల్లీమీటర్ల పిల్లలు అని నిర్ణయించినది. ఈ చేపల విషయములో కంటి నియమము పెరుగుటకు గడువు ఇచ్చుట కొరకు. కాని కొర్రమీను సంగతి వేరు. అది మన చెరువులోనే గుడ్లు పెట్టి, పిల్లల గుంపును తానే కాచుకొనును. కాచుచున్న తల్లిని పట్టిన యెడల ఆ గుంపు దిక్కులేనిదగును. 2016లో దీనిని తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిరి. గౌరవము బాగుగనే ఉన్నది. మృగశిర కార్తె వచ్చినపుడు మాత్రము ఆ గౌరవము మనకు గుర్తుండదు. జూన్ మొదటి వారము దాటగానే పట్నములో ప్రతి ఇంటికి చేప కావలెను, ధర లేచును. సరిగ్గా ఆ దినములలోనే చెరువు అడుగంటి, చేప ఇరుకున పడి ఉండును. తొలి వానకు మత్తడి దిగువ నుండి గుడ్లతో ఎదురెక్కు చేపలను బుట్టలు పెట్టి పట్టుట మన ఊళ్లలో పండుగ వంటిది. నేనును చిన్ననాడు ఆ పండుగలో పాలు పంచుకొన్నవాడనే.

ఇప్పుడు లెక్క. సహకార సంఘముల చట్టము, 1964 ప్రకారము సంఘము డబ్బు లెక్కకు ఏటేటా ఆడిట్ ఉండును. కనుక నగదు పుస్తకము ఉండును. చేపకు ఆడిట్ లేదు, కనుక చేప పుస్తకము ఉండదు. తూకము వద్దనే ఒక పుస్తకము ఉంచి, ప్రతి ఉదయము తేదీ, వల వేసినవారి పేరు, వల పొడుగు, కన్ను, వేసిన వేళ, తీసిన వేళ, ఏ రకము చేప ఎన్ని, ఎంత బరువు అన్నవి వ్రాయవలెను. బరువు మాత్రమే వ్రాసి ఎన్నియో వ్రాయనిచో సగము ఉపయోగము పోవును. వదిలిన పిల్లలను సంఖ్యలో లెక్కించితిరి. ఎన్ని బ్రతికినవో తెలియుటకు పట్టినవి కూడ సంఖ్యలోనే ఉండవలెను. చేప పట్టని రాత్రి కూడ సున్నా వ్రాయవలెను. ఆ సున్నాయే చాల విషయములు చెప్పును.

ఉదాహరణకు, వంద మీటర్ల వల, ఒకే కన్ను, మొదటి వారములో రాత్రికి సగటున 6 కిలోలు ఇచ్చినదనుకొనుడు. అందరును కలిసి మొత్తము 600 కిలోలు పట్టిన తరువాత అదే వల 4 కిలోలు ఇచ్చినది. పట్టుబడి మూడవ వంతు తగ్గినది. అంటే తీసిన 600 కిలోలు ఆ వలకు చిక్కు ఈడు చేపలో సుమారు మూడవ వంతు. మొదట 1,800 కిలోలు ఉండి, ఇప్పుడు 1,200 మిగిలినదని అంచనా. నీరు బాగా తగ్గినచో చేప ఒకచోట చేరి వలకు ఎక్కువగా చిక్కును, అపుడు ఈ అంచనా తప్పును. చలి రాత్రులలో చేప కదలదు, అపుడును తప్పును. అయినను పంటకోత ప్రయోగము వలె ఇది నోటిలెక్క కంటె వేయి రెట్లు మేలు. నేను చెప్పిన గ్రామములో ఈ పుస్తకము ఉన్నట్లయితే ఆ గడి ఖాళీగా ఉండెడిది కాదు.

వ్రాసిన యెడల మా రాబడి బయటపడి, వచ్చే ఏడు చెరువు పాట పెరుగునని కొందరు భయపడుదురు. ఈ భయము ఉత్తది అని నేను అనను. పుస్తకము సంఘము సభ్యుల ఆస్తిగా సంఘములోనే ఉండవలెను, సర్వసభ్య సమావేశములో చదువవలెను. ఎవరికి ఏ పుట చూపవలెనో అక్కడనే తీర్మానించుకొనవలెను.

ఇట్టి లెక్క మనకు క్రొత్తగాని లోకమునకు కాదు. అమెరికాలో అలాస్కా రాష్ట్రమున సాల్మన్ అను చేప కలదు. మన పులస వరదలో సముద్రము నుండి గోదావరికి ఎక్కినట్లే అదియు గుడ్లు పెట్టుటకు నదులకు ఎక్కును. అక్కడ బ్రిస్టల్ అఖాతములో మొప్పవల వేయు పడవకు వల పొడుగు సాధారణముగా 150 బారలు, అనగా 900 అడుగులు మించరాదని హద్దు. అమ్మిన ప్రతిసారి, ఎవరు, ఎక్కడ, ఏ వలతో, ఎంత పట్టిరో చీటీ మీద వ్రాయవలెను. నది ఒడ్డున మంచెల వంటి ఎత్తైన కట్టడములు వేసి, గంటకు పది నిమిషములు కూర్చుండి, ఎదురెక్కు చేపలను కంటితో లెక్కించుదురు. గుడ్లు పెట్టుటకు చాలినన్ని ఎక్కలేదని తేలినచో వలలు నిలుపుదురు, చాలినన్ని ఎక్కినచో విడుతురు. వేటగాడు రేపు వల వేయునో లేదో ఈ లెక్కయే తేల్చును.

మన పుస్తకములో నేను ఇంకొక గడి కోరుచున్నాను. తూము వద్ద నీరు ఎన్ని మెట్లు ఉన్నదో వారమునకొకసారి వ్రాయుడు. యాసంగి చివర ఆయకట్టు రైతు ఇంకొక తడి కావలెననును, వల వేయువారు చేపకు నీరు ఉంచుమందురు. ఈ తగవు ప్రతి ఏడును కట్ట మీద కేకలతోనే సాగుచున్నది. ఏ మెట్టు దగ్గర చేపకు కష్టము మొదలైనదో, ఏ తడితో పొలము గట్టెక్కినదో మూడు నాలుగు ఏండ్ల పుటలు ఎదుట ఉన్నచో, నీరటివానిని నడుమ కూర్చుండబెట్టుకొని మాటలాడవచ్చును.

ఇక టంగూసు వల విషయము. నీటిలో మోడులకు తగిలి తెగిపోయిన ముక్క కుళ్లిపోదు. ఎవరును తీయని ఆ ముక్క నెలల తరబడి చేపను, నీటికాకిని పట్టి చంపుచునే ఉండును. అందుచేత సాయంకాలము వేసిన వలల సంఖ్య ఒక గడిలో, ఉదయము తీసిన వలల సంఖ్య ప్రక్క గడిలో వ్రాయుడు. రెండును కలియని రోజున ఎండ ఎక్కకముందే పుట్టి వేసుకొని పోయి ఆ ముక్కను వెదకి తీయుడు.