చెరువు మట్టి చెప్పేది, చెప్పలేనిది

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

తొమ్మిదో తరగతిలో మన సైన్సు మాష్టారు బడి ముందున్న మందార పువ్వు కోసుకొచ్చి, దాని పసుపు పొడిని మైక్రోస్కోపు కింద పెట్టి అందరినీ ఒక్కొక్కరిగా పిలిచి చూపించారు. ఒళ్లంతా ముళ్లున్న బంతి కనబడింది. "వేపపువ్వుది ఇలా ఉండదురా" అన్నారాయన. ఆ మాట పట్టుకునే నేను పాలినాలజీ, అంటే పుప్పొడి శాస్త్రం, చదివాను. దాని గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు కమిటీవారు.

పుప్పొడి రేణువు పై పొర చాలా గట్టిది. గాలి తగలని బురదలో పడితే వేల ఏళ్లయినా నిలుస్తుంది. చెరువు అడుగున బురద పొర మీద పొరగా పేరుకుంటుంది. గొట్టం దించి ఆ మట్టిని వరస చెడకుండా తీసి, ఆమ్లాలతో కడిగి, మిగిలిన రేణువులను లెక్కపెడతాం. ఏ పొరలో చెట్లవి ఎక్కువ, ఏ పొరలో గడ్డివి ఎక్కువ అని చూస్తే అడవి ఎప్పుడు పలచబడిందో తెలుస్తుంది. పొర వయసు రేడియో కార్బన్ పద్ధతిలో తేలుస్తాం. 1916లో స్వీడన్ శాస్త్రవేత్త లెనార్ట్ ఫాన్ పోస్ట్ ఈ లెక్కలకు దారి వేశాడు. మన దేశంలో ఈ పనికి పెద్ద దిక్కు లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ.

చదువుకునే రోజుల్లో ఉత్సాహం కొద్దీ మా పొలం రేగడి మట్టిని సంచిలో వేసుకుని వెళ్లాను. వారం రోజులు కడిగాను. ఒక్క రేణువూ దొరకలేదు. తప్పు నాదే. ఎండాకాలం మన రేగడి నెర్రెలిచ్చి గాలి లోపలికి పోతుంది. పైగా మనది సున్నపురాయి గడ్డ. గాలీ, సున్నమూ రెండూ పుప్పొడికి పడవు.

మనకు దగ్గర్లో మంచి ఆధారం సముద్రంలో దొరికింది. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం బంగాళాఖాతం అడుగున తవ్విన బురదలో గోదావరి మోసుకొచ్చిన పుప్పొడి ఉంది. 2015లో వెలువడిన పరిశోధన ప్రకారం సుమారు 11,300 ఏళ్ల కిందటి నుంచి 4,200 ఏళ్ల కిందటి దాకా వానలు దండిగా కురిశాయి, తీరపు అడవులూ మడ అడవులూ విస్తరించాయి. ఆ తర్వాత పొడినేల మొక్కలు పెరిగాయి. ఇంచుమించు ఆ రోజుల్లోనే బళ్లారి, కర్నూలు వైపు కొత్త రాతియుగపు జనం ఉలవలు, పెసలు, అండుకొర్రలు తిన్నారు. వాళ్ల ఊళ్ల తవ్వకాల్లో మాడిన గింజలు దొరికాయి. అడవి తగ్గడంలో వాన పాలెంత, గొడ్డలి పాలెంత అన్నది పుప్పొడి ఒక్కటే తేల్చలేదు. గింజలు, బొగ్గు కూడా కలిపి చూడాలి. మన నాగార్జునకొండ లోయలోనూ ఆ యుగపు జనం బతికారు. ఆ నేల ఇప్పుడు సాగర్ నీటి అడుగున ఉంది.

ఇక మిగిలినవి మన ఊరి చెరువులు. ఎండాకాలంలోనూ నడుమ తడి ఆరని చెరువైతే ఆశ ఉంది. సరుగుడును మన తీరాల్లో తోటలుగా వేసింది పంతొమ్మిదో శతాబ్దంలోనే. దాని పుప్పొడి గాలికి చాలా దూరం పోతుంది. ఆ రేణువు కనబడితే ఆ పొర అంతకు ముందుది కాదని చెప్పొచ్చు.

అయితే మట్టి అన్నీ చెప్పదు. జొన్న, సజ్జ రేణువులు అడవి గడ్డి రేణువుల్లాగే గుండ్రంగా, ఒకే రంధ్రంతో ఉంటాయి. విడదీయడం కష్టం. శ్రీనాథుడి పేర మనం చెప్పుకునే చాటువుల్లో పల్నాటి జొన్నకూడు ఉంది గానీ, మట్టిలో ఆ జొన్న పేరు ఉండదు. పత్తి రేణువు మందారానికి చుట్టమే. బరువుగా, జిగటగా ఉండి పురుగుల కాళ్లకు అంటుకుంటుంది తప్ప గాలికి లేవదు. మిరప కూడా గాలికి పుప్పొడి వదిలే పంట కాదు. మన పల్నాడు పేరూ, అప్పూ ఈ రెండు పంటల మీదే కదా! చెరువు మట్టిలో వాటి ఆనవాలు దాదాపు ఉండదు.

అందుకే రెండు కోరికలు. మీ ఊరి చెరువులో పూడిక తీస్తున్నారంటే ముందుగా నాకు కబురు పెట్టండి. నడుమ ఒక మూల కదల్చకుండా ఉంచమనండి. పొక్లెయిన్ దిగితే పొరల వరస పోతుంది. మళ్లీ పేర్చలేం.

రెండోది ఇంతకన్నా తొందరైనది. 1967లో సాగర్ కాలువకు నీళ్లు రాకముందు ఏ చేలో ఏం వేసేవారో, గట్ల మీద ఏ చెట్లుండేవో చూసినవారు ఇప్పుడు డెబ్బై దగ్గరివారు, దాటినవారు. మట్టిలో లేనిది వారి తలల్లో ఉంది. మన మాష్టారిని అడుగుదామనుకుంటూనే ఏళ్లు గడిపాను. ఇప్పుడు ఆయన లేరు.

బయట బల్ల మీద నోటుపుస్తకాలు పెట్టించాను. పెద్దలు తలా ఒక పేజీ రాసి వెళ్లండి. ఊరి పేరు, చేను పేరు, పంట పేరు రాసినా చాలు. రాయలేనివారు చెప్పండి, పిల్లలు రాసుకుంటారు.

సెలవు.