పుర్రచేతిని కట్టెయ్యకండి



ఇవాళ చెప్పబోయే విషయం మన ఇళ్ళల్లో తలుపులు వేసుకుని, గొంతు తగ్గించి మాట్లాడుకునేది. అందుకనే నేను కాస్త పెద్దగా చెప్పదలచుకున్నాను.

చిన్నప్పుడు నాది పుర్రచేతి వాటం. అన్నం పెట్టేముందు మా అమ్మమ్మ నా ఎడమచేతిని పాత తువ్వాలుతో నడుముకి కట్టేసేది. బడిలో పంతులుగారు ఆ చేతి వేళ్ళమీదే బెత్తంతో కొట్టేవారు. ఇద్దరికీ నామీద కోపమేం లేదు. రేపు అత్తవారింట్లో పిల్లకి మాట రాకూడదని వాళ్ళ తాపత్రయం. చివరికి కుడిచేత్తో రాయడం వచ్చింది. దానితోపాటు పలకంటే భయమూ వచ్చింది. ఇప్పటికీ కత్తిపీట ముందు కూర్చుంటే ముందుకొచ్చేది నా ఎడమచెయ్యే!

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, నా చెయ్యి కట్టినట్టే నేనూ ఒక పిల్ల మనసుని కట్టెయ్యబోయాను.

మా అక్కయ్య కూతురికి ఇరవయ్యారేళ్ళు. హైదరాబాదులో ఉద్యోగం. చిన్నప్పటినుంచీ మిక్సీ మోత వింటే చెవులు మూసుకునేది. కంచంలో పప్పూ కూరా కలిసిపోతే ముద్ద దిగేది కాదు. చుట్టాలొస్తే పక్కగదిలోకి పోయేది. మొండిఘటం అన్నాం, పొగరు అన్నాం. చదువులో ఎప్పుడూ ఫస్టే కాబట్టి ఇంకో ఆలోచన రాలేదు. రెండేళ్ళ క్రితం సంబంధాలు చూడడం మొదలుపెట్టాం. మొదటి ఫోటో తెచ్చింది నేనే. అప్పుడు నోరు విప్పి చెప్పింది, తనకి మగవాళ్ళమీద అలాంటి ఇష్టం కలగదనీ, తన మనసు ఒక అమ్మాయి మీద ఉందనీ. అక్కయ్య రెండు రోజులు పొయ్యి వెలిగించలేదు.

మూడోనాడు ఎవరో చెప్పిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన పిల్లతో పది నిమిషాలు మాట్లాడాడు. "కళ్ళల్లోకి చూసి మాట్లాడు" అని గదిమాడు. మార్చేస్తానన్నాడు, పెళ్ళి చేస్తే అన్నీ సర్దుకుంటాయన్నాడు. ఆరు వారాలు తిరిగాం. పిల్ల సగమైపోయింది. ఒకరాత్రి నా పక్కన పడుకుని, "పిన్నీ, పొద్దున్న లేవకపోతే బావుణ్ణనిపిస్తోంది" అంది. కాసేపాగి, "మీరు నన్ను తీసుకెడుతున్నది నా బాధ తగ్గించడానికా, నన్ను మార్చడానికా?" అని అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం వెతికితే తెలిసినవే మీకు చెబుతున్నాను. పదో తరగతి చదివినదాన్ని, నాకర్థమైనంతే చెబుతాను.

ఆడది ఆడదాన్నీ మగాడు మగాణ్ణీ ఇష్టపడడం జబ్బు కాదని అమెరికా మానసిక వైద్యుల సంఘం 1973లోనే రోగాల పట్టీలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మనదేశంలో మానసిక వైద్యుల సంఘం కూడా 2018లో అదే చెప్పింది. అదే ఏడు సెప్టెంబరు 6న, పెద్దవాళ్ళిద్దరి ఇష్టంతో సాగే అలాంటి సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 2021లో మద్రాసు హైకోర్టు ఇలాంటివారిని వైద్యంతో "మార్చే" ప్రయత్నాలను నిషేధించింది. 2022లో జాతీయ వైద్య కమిషన్, అలాంటి వైద్యం చెయ్యడం డాక్టరు వృత్తికి తప్పు అని ప్రకటించింది.

మద్రాసు కేసులో ఒక సంగతి నాకు బాగా నచ్చింది. ఆ కేసు విన్న జస్టిస్ ఆనంద్ వెంకటేష్ గారు ఈ విషయం తనకీ సరిగ్గా తెలియదని ఒప్పుకున్నారు. ముందు ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని తెలుసుకుని, ఆ తర్వాతే ఉత్తర్వులిచ్చారు. హైకోర్టు జడ్జిగారికి లేని నామోషీ మనకెందుకు చెప్పండి?

మేం రెండోసారి వేరే కౌన్సిలరు దగ్గరికి వెళ్ళాం. అడగబోయే ప్రశ్నలు ఆవిడ ముందురోజే పిల్ల ఫోనుకి పంపించింది. గదిలో ట్యూబులైటు ఆర్పి చిన్న దీపం ఉంచింది. కళ్ళల్లోకి చూడమని అడగలేదు. "మనసెలా ఉంది?" అంటే పిల్ల చెప్పలేకపోయింది. "ఒంట్లో ఎక్కడ బరువుగా ఉంది?" అంటే గుండెమీద చెయ్యి వేసి చూపించింది. తర్వాత మమ్మల్ని పిలిచి, "మీ అమ్మాయిని నేను మార్చను. ఆ భయానికీ దిగులుకీ నిద్రలేమికీ వైద్యం చేద్దాం" అంది.

దీన్నే అఫర్మేటివ్ థెరపీ అంటారు. అంటే మనిషిని ఉన్నది ఉన్నట్టు ఒప్పుకుని, ఆ మనిషి మోస్తున్న బరువుని దించడం. పిల్లలు ఏమన్నా తల ఊపేయడం కాదు సుమా. మందులు వద్దనడమూ కాదు. దిగులు ముదిరితే మందు కావాలి. నిలకడ కుదరని ఏడీహెచ్‌డీ ఉన్నవాళ్ళకి మందులు మేలు చేస్తాయి కూడా. వైద్యం బాధకి చెయ్యాలి గాని, మనిషికి కాదు.

కొన్నాళ్ళకి పరీక్షలు చేసి, పిల్లకి ఆటిజం ఉందని చెప్పారు. మిక్సీ మోతా పప్పూ కూరా అప్పుడు అర్థమయ్యాయి. ఆటిజం పుట్టుకతో వచ్చే మెదడు తీరు. ఆడపిల్లల్లో చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది, ఎందుకంటే పదిమందినీ చూసి వాళ్ళలా నటించడం నేర్చేసుకుంటారు. పగలంతా నటించి, రాత్రికి వడిలిపోతారు. మా పిల్లయితే రెండు నటనలు చేసింది.

ఈ రెండూ ఒక్కరిలోనే ఉండడం వింతేమీ కాదు. కేంబ్రిడ్జి పరిశోధకులు 6 లక్షలమందికి పైగా వివరాలు చూసి 2020లో ఒక విషయం ప్రకటించారు. పుట్టినప్పుడు ఆడ, మగ అని రాసినదానితో ఇమడలేనివాళ్ళలో ఆటిజం మిగతావాళ్ళలో కంటే మూడు నుంచి ఆరు రెట్లు ఎక్కువ కనబడిందట. అయితే, "దానికి ఆటిజం కదా, తన ఇష్టమేమిటో దానికేం తెలుసు?" అని మాత్రం అనకండి. మా అక్కయ్య ఆ మాట అంది. "నాకు గోంగూర ఇష్టమని తెలుసుగా, ఇది మాత్రం తెలియదా అమ్మా?" అంది పిల్ల.

కనుక మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఇలాంటి అవసరం వస్తే, లోపలికి వెళ్ళేముందే కౌన్సిలరుని మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, మా పిల్లని మారుస్తారా? మారుస్తామంటే వెంటనే లేచి వచ్చెయ్యండి. రెండు, పిల్ల చెప్పింది మాతో చెబుతారా? పిల్ల ఒప్పుకోకుండా చెప్పనంటే నొచ్చుకోకండి, 2017 మానసిక ఆరోగ్య చట్టం ఆ గుట్టు హక్కుని మన పిల్లలకిచ్చింది. మూడు, వెలుతురూ చప్పుడూ మాటతీరూ పిల్లకి వీలుగా సర్దుతారా? ఎవరిని అడగాలో తోచనప్పుడు 14416కి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం 2022లో పెట్టిన టెలీమానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలయినా తెలుగులో మాట్లాడతారు. "పొద్దున్న లేవకపోతే బావుణ్ణు" అన్నమాట చెవిన పడితే మటుకు ఆ పూటకూడా ఆగకండి.

మా అక్కయ్య పూర్తిగా ఒప్పుకుందని చెప్పను. ఆ అమ్మాయి పేరు ఇంకా ఆవిడ నోట రాదు. కాని మొన్న పండక్కి పిల్ల ఇంటికొస్తే కంచంలో అన్నం ఒక్కటే పెట్టింది. పప్పుకొక గిన్నె, కూరకొక గిన్నె విడిగా అమర్చి, మిక్సీ వెయ్యకుండా రోట్లో పచ్చడి నూరింది. పిల్ల తలెత్తకుండా కడుపునిండా తింది. నేను వడ్డిస్తూ చూసుకున్నాను, గరిటె నా ఎడమచేతిలో ఉంది. ఎవరూ ఏమీ అనలేదు.