గేదెకున్న నియమం మనకు వద్దా?

(ఏలూరులో పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల పాలకవర్గ సభ్యులకు, మహిళా సభ్యులకు జరిగిన శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



యోగము, మితాహారము అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పవలసిందిగా నన్ను కోరారు. యోగం అనగానే మనకు కొండగుహలో కళ్ళు మూసుకుని కూర్చున్న మునులు గుర్తుకు వస్తారు. లేదా జూన్ 21వ తేదీన పట్టణాలలో మైదానం నిండా చాపలు పరచుకుని వరుసలు తీరిన జనం గుర్తుకు వస్తారు. ఆ రోజును అంతర్జాతీయ యోగ దినోత్సవంగా ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో ప్రకటించింది. 2015 నుండి ఏటా జరుపుతున్నారు. సంతోషమే. కాని కోడి కూయకముందే లేచి, పేడ తీసి, పాలు పితికి, కేంద్రానికి క్యాను చేర్చి, ఆపైన వంటకు పూనుకునే ఇల్లాలికి ఈ యోగం ఏమి పనికివస్తుంది? ఊడ్పులకో, కొల్లేటి చెరువుల పనికో పోయే రైతుకు ఏమి పనికివస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు చెప్పడానికే నేను వచ్చాను.

యోగానికి పునాది నియమం. ఆ నియమం మీకు కొత్తది కాదు. మీ కొట్టంలో ఉన్నదే.

చూడండి. పాడిగేదెకు వేళ తప్పకుండా మేత వేస్తాం. పచ్చగడ్డి ఇంత, ఎండుగడ్డి ఇంత అని లెక్క ఉంది. శరీర పోషణకు ఇచ్చేది కాక, ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా పెట్టమని పశువైద్యులు చెబితే విన్నాం. మేత ఒక్కసారిగా మార్చం. ఎక్కువ పెడితే కడుపు ఉబ్బుతుందని తెలుసు, తక్కువ పెడితే పాలు తగ్గుతాయని తెలుసు. ఒక పూట గేదె మేత ముట్టకపోతే ఇంటిల్లిపాదీ కంగారు పడతాం. చూడిగేదెకూ, ఈనిన గేదెకూ ప్రత్యేకం చూస్తాం.

మరి ఆ గేదెను సాకే మనిషి సంగతి? ఆమె ఉదయం ఖాళీ కడుపున రెండుసార్లు టీ తాగుతుంది. అందరూ తిన్నాక మధ్యాహ్నం రెండు గంటలకు, గిన్నెలో మిగిలిన అన్నం, ఆవకాయ, నీళ్ళ మజ్జిగ తింటుంది. ఒక పూట ఆమె తినకపోతే ఆ సంగతి ఎవరికీ తెలియదు. గేదెకున్న నియమం మనిషికి లేకపోవడమే మన ఆరోగ్యానికి మొదటి శత్రువు.

తవుడు గేదెకు, తెలుపు మనకు

మన ప్రాంతానికి సంబంధించిన పాత సంగతి ఒకటి చెబుతాను. వెనుకటి రోజులలో ఉత్తర సర్కారులలో, అనగా మన గోదావరి, కృష్ణా జిల్లాలతో కూడిన కోస్తాలో, బెరిబెరి అనే జబ్బు ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కేవి, వాచేవి. గుండె బలహీనపడేది. పచ్చి ధాన్యాన్ని మరలో తెల్లగా పట్టించి ఆ అన్నమే ముఖ్యాహారంగా తినేవారిలో అది ఎక్కువగా కనిపించింది. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాది ప్రాంతాలలో అంతగా లేదు. ఎందుకంటే ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు పై పొరలోని బి1 విటమిను కొంత గింజ లోపలికి ఇంకుతుంది. పచ్చి ధాన్యాన్ని పాలిష్ పడితే అది తవుడుతో పాటే పోతుంది. 1918లో రాబర్ట్ మెకారిసన్ కూనూరులో ఒక చిన్న గదిలో మొదలుపెట్టిన బెరిబెరి పరిశోధనే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలి, ఈనాటి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

ఇప్పుడు బెరిబెరి మన ఊళ్ళలో అరుదు. కాని తవుడు సంగతి మారలేదు. గింజలోని సారాన్ని తవుడుగా గేదెకు పెడుతున్నాం, తెల్లని పిండిపదార్థాన్ని కంచం నిండా మనం తింటున్నాం. గేదెకు తవుడు పెట్టడం తప్పని నేననను. మన గింజ మీద కూడా కాస్త మిగుల్చుకోమంటున్నాను. ఒక పట్టు తక్కువ వేయించిన బియ్యం వండుకోండి. గంజి వార్చి పారబోయకండి. బియ్యం నాలుగైదు నీళ్ళు కడగకండి.

కంచంలో లెక్క

హఠయోగ ప్రదీపికలో మితాహారం అంటే ఏమిటో చెప్పారు. కడుపులో నాలుగో వంతు ఖాళీగా ఉంచి, శివుని ప్రీతి కోసం తినేదే మితాహారమట. ఆ గ్రంథం యోగికి తగిన ఆహారమని చెప్పిన వాటిలో పాలు, నెయ్యి, పెసలు ఉన్నాయి. భగవద్గీత ఆరవ అధ్యాయంలోనూ ఇదే మాట. అతిగా తినేవానికి యోగం లేదు, అసలు తినని వానికీ లేదు. కనుక మితమంటే పస్తు కాదు. ఎవరి శ్రమకు తగినంత వారు, వేళకు తినడమే మితం.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార సూచనలు చూస్తే ఆ పాత మాటకు కొత్త లెక్క కట్టినట్టే ఉంటుంది. సుమారు రెండు వేల కేలరీలు అవసరమైన మనిషికి రోజుకు బియ్యం, జొన్న, రాగి వంటి ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు చాలు. కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు ఉండాలి. పప్పులు, లేదా వాటి స్థానంలో గుడ్డు, చేప, మాంసం 85 గ్రాములు. గింజలు 35 గ్రాములు, నూనె, నెయ్యి కలిపి 27 గ్రాములు. పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక చెంచా మించకూడదు. పచ్చళ్ళు, ఊరగాయలు, ఎండుచేపలలో ఉన్న ఉప్పు కూడా ఈ చెంచాలోనిదే. పొలంలో చెమటోడ్చేవారికి అన్నం ఎక్కువే కావాలి. కాని లెక్కల పుస్తకం ముందు కూర్చునే మన కార్యదర్శిగారికి ఊడ్పుల కూలీ తినేంత అన్నం అక్కరలేదు.

మనకు లోటేముంది? వరి కోసిన చేలలో మినుములు, పెసలు పండుతున్నాయి. మెట్ట వైపు జొన్న తెలుసు. తాడేపల్లిగూడెం పక్కన వెంకట్రామన్నగూడెంలో ఉద్యానవన విశ్వవిద్యాలయమే ఉంది. పెరట్లో మునగ, తోటకూర, గోంగూర, కరివేపాకు, జామ వేసుకోవడానికి గొప్ప భూమి అక్కరలేదు. కొట్టం కడిగిన నీళ్ళు మళ్ళితే చాలు. కొల్లేటి వైపు చేపలు ఉన్నాయి. చేప తినేవారు వేపుడు కన్న పులుసు చేసుకోవడం మేలు. ముల్లుతో సహా నమిలే చిన్న చేపలలో ఎముకకు బలమిచ్చే కాల్షియం ఉంది.

ముందు ఇంటి పాలు

ఇక అసలు విషయానికి వస్తాను. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 58.8 మందికి రక్తహీనత ఉంది. అంటే ఈ పందిరి కింద కూర్చున్న అక్కచెల్లెళ్ళలో సగానికి పైగా అని అనుకోవచ్చు. మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి కళ్ళు తిరగడం, కనురెప్ప లోపల తెలుపు. ఇవి వయసు వల్ల వచ్చేవని సరిపెట్టుకోకండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం పరీక్ష చేయించుకోండి. ఇచ్చిన ఇనుము మాత్రలు పూర్తిగా వాడండి.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. పాలు గొప్ప ఆహారమే. మాంసకృత్తులు, కాల్షియం పుష్కలం. కాని పాలలో ఇనుము చాలా తక్కువ. పాలు తాగితే రక్తం పడుతుందనుకోవడం పొరపాటు. రక్తానికి ఆకుకూర, పప్పు, గుడ్డు, చేప, మాంసం కావాలి. వాటితో నిమ్మరసమో, జామపండో ఉంటే ఇనుము బాగా ఒంటబడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ ఇనుము సరిగా ఒంటబట్టదు. గంట ఆగి తాగండి. ఆకుకూరలలో ఉండే ఫోలిక్ ఆమ్లం కూడా రక్తానికి అవసరం. గర్భిణులకు మరీ అవసరం. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో వేరుచేసి తయారుచేసిన పరిశోధకుల బృందాన్ని నడిపినవారు, 1895లో మన పక్కనే భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన పుట్టిన సీమలో ఆకుకూర తినక ఆడవారు పాలిపోవడం మనకు గౌరవం కాదు.

పాల విషయానికి వద్దాం. ఆరు లీటర్లు పితికిన ఇంట ఆరు లీటర్లూ క్యానులోకే పోతున్నాయి. పాల డబ్బులు అప్పుకు, ఫీజుకు కావాలి, నాకు తెలుసు. అయినా ఆ ఇంటి పసిపిల్లకు గ్లాసు పాలు లేకపోతే మన సహకారోద్యమం ఎవరి కోసం? సంఘం పెట్టుకున్నది పాలు అమ్ముకోవడానికే కాదు, పాడి ఉన్న ఇల్లు బాగుపడడానికి. కనుక పిల్లలు, గర్భిణి, బాలింత, ముసలివారు అనే వరుసలో ఇంటి వాటా ముందు గిన్నెలో పోసి, ఆ తరువాత క్యానులో పోయండి. వాటా ఎంతన్నది ఎవరి స్థోమతు వారిది. అసలు లేకుండా మాత్రం వద్దు. వెన్న తీసినా మజ్జిగలో మాంసకృత్తులు, కాల్షియం మిగిలే ఉంటాయి. నీళ్ళు మాత్రం మితంగా పోయండి. గేదె పాలలో వెన్న శాతం ఎక్కువ కాబట్టి కూర్చుని పనిచేసే పెద్దలకు, లావుగా ఉన్నవారికి, చక్కెరవ్యాధి ఉన్నవారికి మీగడ తీసిన పాలు, మజ్జిగ మేలు.

పని ఉండగా ఆసనాలెందుకు?

రోజంతా ఒళ్ళు వంచి పనిచేసేవారికి మళ్ళీ వ్యాయామమా అని మీరడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పాలు పితికేటప్పుడు, పేడ ఎత్తేటప్పుడు, నాటు వేసేటప్పుడు నడుము ఎప్పుడూ ముందుకే వంగుతుంది. వెనక్కు వంగే పని ఒక్కటీ లేదు. నడుము నొప్పికి అదొక కారణం. ఆసనం ఆ లోటు తీరుస్తుంది. పొద్దున పాలు పోసి వచ్చాక, తినకముందు, పదిహేను నిమిషాలు చాలు.

నిటారుగా నిలబడి చేతులు పైకి చాచే తాడాసనం. చేతులు, మోకాళ్ళ మీద నిలిచి పిల్లిలా వీపును పైకీ కిందికీ కదిపే మార్జాలాసనం. బోర్లా పడుకుని ఛాతీ మెల్లగా పైకెత్తే భుజంగాసనం. వెల్లకిలా ఒళ్ళు వదిలేసి పడుకునే శవాసనం. ఆపైన నెమ్మదిగా ఒక ముక్కుతో పీల్చి మరొక ముక్కుతో వదిలే నాడీశోధనం అయిదు నిమిషాలు. కడుపు నిండా తిన్న మూడు గంటల లోపు ఇవి చేయకూడదు. గర్భిణులు బోర్లా పడుకునే ఆసనాలు మానాలి. రక్తపోటు, గుండెజబ్బు ఉన్నవారు, గర్భిణులు ఊపిరి బిగబట్టకూడదు. మొదట తెలిసినవారి వద్ద నేర్చుకోవాలి. యోగం చేస్తున్నామని డాక్టరు ఇచ్చిన మందులు మానడం అన్నిటికన్నా ప్రమాదం.

ఆసనానికి ముందు మెట్లు

పతంజలి చెప్పిన ఎనిమిది అంగాలలో ఆసనం మూడవది. దానికి ముందు యమము, నియమము ఉన్నాయి. అవి మన వృత్తికి అతికినట్టే ఉంటాయి. సత్యం అంటే పాలలో నీళ్ళు కలపకపోవడం. అహింస అంటే దూడకు దాని వాటా వదలడం. శౌచం అంటే చేతులు, పొదుగు, పాత్ర కడిగి పితకడం. మనం తాగే నీరు కూడా శుభ్రంగా ఉండడం. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీటితో పాటు ఊళ్ళ మురుగు కూడా కొల్లేటికే చేరుతోంది. ఆ చుట్టుపక్కల వారు శుద్ధి చేయని నీరు తాగకూడదు. 2020 డిసెంబరులో ఇదే ఏలూరు పట్టణంలో ఆరువందల మందికి పైగా ఉన్నట్టుండి మూర్ఛలతో, కళ్ళు తిరిగి ఆసుపత్రి పాలయ్యారు. పరీక్షించిన రక్త నమూనాలలో సీసం, నికెల్ కనిపించాయి. ఒక్కడు ఎంత నియమంగా ఉన్నా ఊరి నీరూ తిండీ చెడితే ఆరోగ్యం నిలవదని ఆ రోజులు చెప్పాయి. మందు కొట్టిన గడ్డిని గడువు తీరకముందే గేదెకు వేయకపోవడం, కూరగాయలు బాగా కడగడం కూడా శౌచమే.

చివరిగా సంఘాలకు మూడు మనవులు. పాల కేంద్రంలో వెన్న శాతం రాసే బోర్డు పక్కనే "ముందు ఇంటి పాలు" అని ఒక పంక్తి రాయించండి. పశువైద్య శిబిరం పెట్టిన రోజునే ఆరోగ్య కేంద్రం వారిని పిలిచి మహిళా సభ్యులకు రక్తపరీక్ష చేయించండి. పశుగ్రాసం విత్తనాలు ఇచ్చేటప్పుడు ప్రతి ఇంటికి ఒక మునగ మొక్క, గుప్పెడు తోటకూర విత్తనం కూడా ఇవ్వండి. వీటికి పెద్ద ఖర్చు లేదు, తీర్మానం చాలు.

ఈ రాత్రి నుండే ఇంట్లో అందరూ ఒకే వేళకు, ఒకే వరుసలో కూర్చుని తినండి. వడ్డించే చెయ్యి కూడా అప్పుడే తినాలి. గేదె విషయంలో మీకు ఎవరూ నియమం నేర్పనక్కరలేదు. అదే నియమం మీ మీద మీరు చూపించుకుంటే చాలు, దానినే పెద్దలు యోగమన్నారు.