క్రోము చక్రముల శుభ్రత, సంరక్షణ
(బరంపురమున మన సంఘసభ్యుల నెలసరి సమావేశములో చేసిన ప్రసంగపాఠము)



నలుగురికి పనికివచ్చు విషయమేదైన చెప్పుమని సంఘము వారు మమ్ము కోరినారు. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను వరకు చదివి, తండ్రిగారి కాలము నుండి మోటారు సైకిలు విడిభాగముల వ్యాపారము చేసికొనుచున్న వారము. కావున మాకు తెలిసిన దానినే ఎంచుకొంటిమి. క్రోము చక్రములను ఎట్లు కడుగవలెను, ఎట్లు కాపాడుకొనవలెను అన్నదే నేటి ప్రసంగ విషయము. రిమ్ములు అమ్ముకొను వర్తకుడు రిమ్ము చెడకుండ ఉండు ఉపాయము చెప్పుట వింతగా తోచవచ్చును. కాని కొనువాని కష్టార్జితము వృథా యగుచుండగా చూచి సంతోషించు వ్యాపారము ఎంతో కాలము నిలువదు.

మన ఇండ్లలో తండ్రుల నుండి కొడుకులకు వచ్చిన బండ్లు ఇంకను కలవు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడినది. 1960 దశకములో మైసూరు నుండి జావా బండ్లు వచ్చినవి. ఆ బండ్లు ఉన్నవారు వాటిని ప్రాణముగా చూచుకొందురు. నేటి కొత్త బండ్లలోను పలువురు తీగ స్పోకులు, క్రోము రిమ్ములు గల వాటినే కోరి కొనుచున్నారు. అట్టి బండి ఒకనికి ముచ్చట, మరియొకనికి జీవనాధారము. ఇద్దరికిని చక్రము చక్రమే.

మొదట ఒక అపోహను తొలగించుకొందము. తళతళ మెరయు రిమ్ము క్రోముతో చేసినది కాదు. లోపల నున్నది ఉక్కు. దానిపై నికెలు పూత, ఆ పైని క్రోము పూత. నికెలు పూత సాధారణముగా 10 నుండి 30 మైక్రానుల మందముండును. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. క్రోము పూత యన్ననో అర మైక్రానుకు మించుట అరుదు. తల వెంట్రుక మందములో నూరవ వంతు కూడ ఉండదు. నికెలు ఉక్కునకు కవచము. క్రోము ఆ కవచము మసకబారకుండ కాచుచు, నీలిచాయ గల నిగారింపును, గట్టితనమును ఇచ్చుచున్నది.

ఈ పలుచని పూతలో కంటికి కనబడని పగుళ్లు, రంధ్రములు ఉండును. వాటిగుండ ఉప్పుతో కూడిన తేమ లోనికి దిగి ఉక్కును చేరెనా, చేటు ఆరంభమగును. నికెలు, ఉక్కు ఒకచోట తడిసినపుడు తినివేయబడునది ఉక్కే. తుప్పు ఉక్కు కన్న ఎక్కువ చోటు ఆక్రమించును గనుక పైపూతను లేవనెత్తును. పైన ఆవగింజంత మచ్చయే కనబడును. క్రింద అంతకు ఎన్నో రెట్లు నష్టము జరిగియుండును. కావున మనము జ్ఞాపకముంచుకొనవలసినది ఒక్కటే: మెరుపు వేరు, ఆరోగ్యము వేరు. మెరుపు కొరకు రుద్దుచు పూతను అరగదీయు వాడు చక్రమునకు మేలు చేయుటలేదు. ఉప్పును కడిగి, తడిని ఆర్చువాడే మేలు చేయుచున్నాడు.

ఇది మన ఊరివారికి మరింత అవసరము. గోపాల్‌పూర్ సముద్రతీరము ఇచ్చటికి పదిహేను, పదునారు కిలోమీటర్లే. సెలవునాడు తీరమునకు పోయి వచ్చిన బండి చక్రములకు ఇసుకయు ఉప్పును అంటియుండును. చేపలబుట్టలు కట్టుకొని ఊరూర తిరుగు సోదరుల సంగతి చెప్పనే అక్కరలేదు; మంచుగడ్డ కరగిన ఉప్పునీరు దినమెల్ల వెనుక చక్రము పైననే కారుచుండును. ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొనును గనుక, వాన లేని దినమున కూడ రిమ్ము తడిగనే ఉండును.

2013 అక్టోబరు 12వ తేది రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ వద్ద తీరము దాటినది. ఆ తరువాతి వారములలో మా అంగడి యొద్దకు వచ్చిన బండ్లను చూచితిమి. గాలివాన తగ్గిన వెంటనే మంచినీటితో కడిగి తుడిచిన వాటి చక్రములు చాల వరకు బ్రతికినవి. ఇంటి కప్పు లేచిపోయిన వారికి బండి సంగతి తలచుకొను తీరిక ఎక్కడిది? అట్టి వారి చక్రములు నెల తిరుగకుండనే పొక్కులు పొక్కినవి. అందుకు ఎవరిని తప్పు పట్టగలము? తుఫానులు మన తీరమునకు మరల మరల వచ్చునవే గనుక, ఇల్లు చక్కబడిన పిదప ఒక్క బిందె మంచినీరు బండి కొరకు కేటాయించుడని మాత్రము చెప్పుచున్నాము.

ఇక కడుగు విధము. బండిని నీడలో నిలిపి, చక్రము చల్లారిన పిదప పని ఆరంభింపవలెను. మొదట వట్టి నీరు ధారగా పోసి ఇసుకను, మట్టిని కరగి పోనీయవలెను. ఇసుక ఉండగా గుడ్డతో రుద్దినచో ఆ గుడ్డయే గరుకు కాగితమగును. పిమ్మట తేలికపాటి షాంపూ కలిపిన నీటిలో మెత్తని గుడ్డ ముంచి రిమ్మును, ఒక్కొక్క స్పోకును తుడువవలెను. స్పోకు రిమ్ములో దిగుచోట, అనగా నిపుల్ చుట్టును, పాత పండ్ల బ్రష్షుతో శుభ్రము చేయవలెను. మురికి దాగునది అచ్చటనే. వెనుక చక్రమునకు అంటిన గొలుసు నూనెను గుడ్డకు కొద్దిగ కిరసనాయిలు అద్ది తీయవచ్చును. కాని అది టైరునకు గాని బ్రేకునకు గాని తగులరాదు. తరువాత మంచినీరు పోసి, పాత పంచెగుడ్డతో తడి లేకుండ ఒత్తవలెను. కడిగి ఆర్చకుండ వదలుట కన్న కొన్నిమార్లు కడుగకుండుటయే మేలు. అంతయు ముగిసిన పిదప మెల్లగా నాలుగడుగుల దూరము నడిపి, బ్రేకులు పట్టుచున్నవో లేదో చూచుకొని గాని రోడ్డెక్కరాదు.

చేయరాని పనులు కొన్ని కలవు. మరుగుదొడ్లు కడుగు ఆసిడుతో క్రోమును ముట్టుకొనరాదు. పూత పనివారు పాత క్రోమును ఊడదీయుటకు వాడునది ఆ జాతి ఆసిడే. మొదట రిమ్ము మెరసినట్లు తోచును. ఆ మెరుపుతోనే పూత కరగి పోవుచుండును. చింతపండు, ఉప్పు ఇత్తడి బిందెకు తగును గాని క్రోమునకు తగవు. బూడిద, ఇటుకపొడి వలదు. ఇనుపపీచుతో గట్టిగ రుద్దినచో పూత పలుచబడిన చోట్ల గీతలు పడుటయే గాక, తెగిన ఇనుప నలకలు నిపుళ్ల సందులలో చిక్కి తామే తుప్పు పట్టును. బలమైన నీటిధార యంత్రమును చక్రపు ఇరుసు దగ్గర పెట్టినచో బేరింగులలోనికి నీరు పోవును.

పైపై తుప్పుమచ్చలకు చౌకయైన ఉపాయమొకటి కలదు. రొట్టెలు చుట్టు అల్యూమినియం కాగితమును ఉండగా నలిపి, నీటిలో తడిపి, మెల్లగా రుద్దవలెను. అల్యూమినియం క్రోము కన్న మెత్తన గనుక పూతను గీరక తుప్పును మాత్రము ఎత్తును. మచ్చ పోయిన చోట సూదిమొనంత నల్లచుక్క మిగిలినచో అది రంధ్రము. రుద్దిన కొలది పెద్దదగును. అచ్చట ఆపి, కడిగి, ఆర్చి, మైనము పట్టింపవలెను. కారులకు పూయు మైనపు పాలిషు చాలును. పలుచగ పూసి, ఆరిన పిదప మెత్తని గుడ్డతో తుడువవలెను. రెండు నెలలకు ఒకమారు, వానకాలములోను, తీరమున తిరుగు బండ్లకును నెలకొకమారు పూయుట మంచిది. కొబ్బరినూనె పూయువారు కలరు. అది ధూళిని పట్టి ఉంచును. ఏ మైనమైనను, ఏ నూనెయైనను బ్రేకు డిస్కునకు తగులరాదు.

తమ్ములారా, ఇది మీకు ముఖ్యముగా చెప్పుచున్నాము. స్పోకుల రిమ్ము అసలు జబ్బు పైకి కనబడదు. స్పోకు రంధ్రముల గుండ లోనికి దిగిన నీరు టైరు క్రింద, రిమ్ము పట్టీ క్రింద నిలిచి లోపలి నుండి తినుచుండును. ఆ తుప్పు ట్యూబును కోయును, నిపుళ్లను పట్టివేయును, స్పోకుల బిగువును చెరచును. పంక్చరు కొరకు టైరు విప్పిన ప్రతిసారి పట్టీ ఎత్తి లోపల చూడుడు. తుప్పు ఉన్నచో గీకి, తుడిచి, తుప్పును ఆపు రంగు పూసి, కొత్త పట్టీ వేయుడు. రంధ్రము చుట్టును పగులు కనబడినను, అంచు తినివేయబడినను, ఆ రిమ్మును ఎంత మెరసినను వాడరాదు. అప్పుడు పొదుపు చూడవలదని బండివానికి ధైర్యముగ చెప్పుడు. భార్యాపిల్లలను కూర్చుండబెట్టుకొని పోవువాడు ఆ చక్రమును నమ్మి పోవుచున్నాడు.

పాడైనచో మరల పూత పోయించుకొందము లెమ్మనువారు మరియొక సంగతి తెలిసికొనవలెను. దేశములోని క్రోము ఖనిజములో అత్యధిక భాగము మన ఒడిశాలోనే, జాజ్‌పూర్ జిల్లా సుకిందా లోయలో కలదు. ఆ లోయలో గనుల నీటిలోని క్రోము విషము గూర్చి ఎన్నో ఏండ్లుగా ఆందోళన ఉన్నది. పూత తొట్లలో వాడు క్రోమిక్ ఆసిడు ఆవిరి పీల్చిన వారికి ముక్కు లోపల పుండ్లు పడి రంధ్రమేర్పడుటయు, ఊపిరితిత్తుల కాన్సరు వచ్చుటయు వైద్యులకు తెలిసిన విషయములే. గాలిని లాగివేయు యంత్రములు, చేతి తొడుగులు లేని చిన్న కొట్లలో ఆ తొట్టి ప్రక్క నిలుచునది ఎవరి బిడ్డయో! అవసరమైనపుడు పూత పోయింపక తప్పదు. కాని అరగంట శ్రద్ధతో ఏండ్ల కొలది నిలుచు పూతను ఆసిడు పోసి చెరచి, మరియొకనిని ఆ తొట్టి కడకు పంపుట న్యాయము కాదు.

వచ్చు ఆదివారము ఉదయము సంఘ భవనపు ఆవరణలోనికి బండ్లు తీసికొని రండు. గుడ్డలు, షాంపూ, అల్యూమినియం కాగితము, మైనము మేము తెచ్చెదము. పెద్దవారు చెప్పగా విని ఊరుకొనక, పిల్లలు తమ చేతులతో చేసి నేర్చుకొనవలెను. చేపల వ్యాపారము చేయు సోదరుల బండ్లకు మొదటి వంతు.